ఇరవై నాలుగో కన్నం

నరసాపురం నుంచి మొగల్తూరు పోయే రోడ్డు మీద
రొయ్యల ఫ్యాక్టరీ. ఆఫీసు గదిలో
గోడకి కొట్టిన ఇనప పెట్టెలో స్విచ్చి.
లైటు వేసే స్విచ్చి కాదు.
ఇరవై నాలుగు కన్నాలు, కన్నానికో పచ్చ దీపం,
ఏ కన్నంలో ఎవరున్నారో అడిగితే చెబుతుంది.

అడిగాను.
ఇరవై నాలుగులో పదకొండు మంది, అంది.

"ఒక్క తీగకి పదకొండు మిషన్లు ఎలా వేలాడతాయమ్మా?"
మేనేజరు పెనుమత్స వారు కళ్ళజోడు పైకెత్తారు.
పది పేర్లు రిజిస్టర్లో ఉన్నాయి,
వేలిముద్రల మిషను, కెమెరాలు, చలిగదుల థర్మామీటర్లు.
పదకొండోది లేదు.
పన్నెండక్షరాల పేరు. మొదటి ఆరూ ఇంటిపేరు,
ఎప్పుడూ వినని ఇంటిపేరు.
"ఎవడో కన్నం వేశాడు. మూసెయ్ ఆ పోర్టు."

మూస్తే చలిగదులు గుడ్డివవుతాయి.
మూయలేదు, చూస్తూ కూచున్నాను.
పన్నెండున్నరకి ఆ పేరు మాయం.
ఒంటిగంటన్నరకి మళ్ళీ హాజరు.
దొంగ కూడా అన్నానికి వెళ్తాడా?

మా మేనమామ చిట్టబ్బాయి లాకుల మీద లస్కరు.
ఈ నీళ్ళు ఎవరి చేలోకి పోతున్నాయి మావయ్యా అంటే
"నేనెత్తిన తూము నాకు తెలుసు.
అవతల బోదె ఎన్ని చీలికలయిందో
గట్టెంట నడిచినోణ్ణి అడుగు" అనేవాడు.

స్విచ్చీ అంతే. అబద్ధమాడదు.
మాట ఏ కన్నంలోంచి వచ్చిందో అది రాసుకుంటుంది,
ఐదు నిమిషాలు మాట రాకపోతే
రాసింది తుడిచేస్తుంది.
పలకనివాడు లేనివాడే దాని లెక్కలో.

సరే, గట్టెంట నడిచాను.
మోకాళ్ళ దాకా బూట్లు, నెత్తిన వలటోపీ,
గుమ్మంలో క్లోరిన్ నీళ్ళు తొక్కి పొట్టు షెడ్డులోకి.
నల్లటి తీగ, పైకప్పు వెంట, మూడో దూలం దాకా.
అక్కడ బోర్లించిన థర్మాకోల్ పెట్టె,
వల దారంతో కట్టి.
లోపల ఎనిమిది కన్నాల చిన్న స్విచ్చి,
దాని తోకకి ఇంకోటి.
ఎక్కడా తన పేరు చెప్పుకోని చవక రకం,
మోసుకొచ్చిన మాటలన్నీ మోసినవాళ్ళ పేరనే పైకి పంపి
తను తెర వెనక కూచునేది.

ఎలక్ట్రీషియన్ బళ్ళ సత్యం తల గోక్కున్నాడు.
"తుపానప్పుడు పెట్టానండి, తాత్కాలికంగా."
ఏ తుపాను?
"మొన్నటిది కాదండి. దాని ముందుది."

ఎనిమిదిలో ఏది ఎవరిదో తీగల మీద రాసి లేదు.
ఒక్కోటి ఊడదీసి, ఫోనులో చూసి, మళ్ళీ గుచ్చి.
ఆరో తీగ గోడ దిగి, మంచు డ్రమ్ముల వెనకగా
పోయి పోయి ఒక కాటాలో దూరింది.

పదకొండో పేరు, కాటా!

గుమాస్తా వైపు తిరిగిన పాత కాటాలో
తమ కిలోలు తమకి కనపడక
పొట్టు తీసే ఆడవాళ్ళు పోరి తెప్పించుకున్నది.
అంకెలు ఇటు వైపు. చీటీ కూడా వస్తుంది.
సత్యం తీగ ఇచ్చాడు గానీ
రిజిస్టర్లో ఎవరూ ఎక్కించలేదు.

అప్పటికే అన్నాల వేళ. షెడ్డు ఖాళీ.
ఫోనులో పది పేర్లే.
క్యారేజీ కడుగుతున్న సువార్తమ్మని పిలిచాను,
ఏదో ఒకటి తూచవమ్మా, అది పలకాలి.
రొయ్యలన్నీ చలిగదిలో.
ఆవిడ చుట్టూ చూసి,
మంచుకి తెల్లగా నానిన తన చెయ్యి
కాటా మీద పెట్టింది.

నాలుగు వందల పది గ్రాములు.

ఫోనులో పదకొండో పేరు వెలిగింది.
"ఉందా?" అంది.
ఉంది.
"తీసెయ్యనా మరి?"
ఒక్క నిమిషం ఉంచమ్మా, అని
రిజిస్టరు తీసి, కలం మూత పంటితో లాగాను.
ఇరవై నాలుగు వెనక, మూడో దూలం, ఆరో తీగ.
ఎవరిది అన్న గడి దగ్గర ఆగాను.